అరకు రైల్లో అక్షరాల లెక్క

శుక్రవారం

శుక్రవారం మధ్యాహ్నం దాటాక కొత్త కోడు ప్రొడక్షన్‌లోకి, అంటే జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లోకి, పంపకూడదని మా టీములో ఒక కట్టుబాటు. ఎక్కడా రాసి లేదు గానీ అందరూ పాటిస్తారు, అమావాస్యనాడు ప్రయాణం పెట్టుకోనట్టు. ఆ ధైర్యంతోనే సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి రిజర్వేషన్ చేయించాను. బుధవారం దాకా తిరుగుడు. సోమవారం ఒక్క పూట మాత్రం అరకు నుంచే పని చేస్తానని మా లీడ్‌కి మాటిచ్చాను.

మూడున్నరకు లాప్‌టాప్ మూయబోతుంటే టికెట్ వచ్చింది. రైలు టికెట్ కాదు. మా భాషలో టికెట్ అంటే ఫిర్యాదు. ఒక చిట్‌ఫండ్ కంపెనీకి మేం రసీదుల సాఫ్ట్‌వేర్ రాసిచ్చాం. పోయిన నెలలోనే అందులో తెలుగు రసీదు పెట్టాం. ఒకావిడ ఆ రసీదు పట్టుకొచ్చి, "నా పేరులో 'మి' ఏదండీ?" అని కౌంటర్ దగ్గర నిలదీసిందట. ఫొటో కూడా జత చేశారు. 'శ్రీమతి సత్య వరలక్ష్' అని ఉంది. (అసలు పేరు ఇది కాదు, మార్చాను. లెక్క మాత్రం అచ్చంగా ఇదే.)

పేరుకు 20 అక్షరాలు చాలని ఆ హద్దు పెట్టింది నేనే. అప్పట్లో రసీదులన్నీ ఇంగ్లిషులో వచ్చేవి, శ్రీమతులూ శ్రీయుతులూ ఉండేవారు కాదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఆలోచించలేదు.

సికింద్రాబాద్‌లో రైలెక్కేసరికి చెల్లి నా బ్యాగు తడిమి చూసింది. "తెచ్చావా ఆ డబ్బా?"

"సోమవారం పనుందే."

"సోమవారం దాకా అది బయటికి రాకూడదు."

చెల్లి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. దాని సంచిలో రెండు గైడ్లున్నాయి. వాటి సంగతి నేను ఎత్తలేదు. ఈ రైలు 1974 నుంచి నడుస్తోంది. మా నాన్న పెళ్ళిచూపులకు వెళ్ళింది కూడా ఇందులోనేనట. కాజీపేట దాటాక పులిహోర తిని పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు. బెర్తు మీద పడుకుని వేళ్ళమీద లెక్కపెట్టాను.

కంప్యూటరుకు తెలుగు అక్షరం అంటూ ఒకటి తెలీదు. దానికి తెలిసినవి ముక్కలు. హల్లు ఒక ముక్క, పొల్లు ఒక ముక్క, గుణింతపు గుర్తు ఒక ముక్క. వీటిని కోడ్ పాయింట్లంటారు. 'శ్రీ'లో నాలుగున్నాయి: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. 'క్ష్మి'లో ఆరు: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మధ్యలో ఖాళీలు కలుపుకుంటే ఆవిడ పేరు 22 వచ్చింది. 20 దగ్గర కత్తెర పడితే మ, గుడి రెండూ తెగిపోయాయి. ముందున్న పొల్లుకు పట్టుకోవడానికి ఏమీ లేక 'క్ష్' అని తల మీద నిలబడింది. ఇంగ్లిషులో పేరు చివర తెగితే ఒక అక్షరం పోతుంది, అంతే. మనకు మిగిలిన అక్షరం కూడా మారిపోతుంది.

శనివారం

తెల్లవారి విశాఖ. లాడ్జిలో స్నానాలు చేసి, రోజంతా బీచ్ రోడ్డు మీదే గడిపాం. మధ్యాహ్నం కురుసుర సబ్‌మెరైన్ చూశాం. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరై, మరుసటి ఏడే ఒడ్డున మ్యూజియం అయింది. 91 మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. పడక పక్కనే పైపులు, పైపుల పక్కనే మీటర్లు. "మీ ఆఫీసు కన్నా నయం, ఇక్కడ ఎవరి మంచం వాళ్ళకుంది" అంది చెల్లి.

సాయంత్రం ఇసకలో కూర్చుని ముంత మసాలా తిన్నాం. ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యమన్నాను, వేశాడు. నిమ్మకాయ పిండుతూ, "ఏటమ్మా, అరకేనా? స్వెట్రు ఎట్టుకున్నారా?" అని అడిగాడు. పెట్టుకోలేదు. జగదాంబ జంక్షన్ దగ్గరికి పోయి రెండు కొనుక్కున్నాం.

ఆదివారం

అరకు వెళ్ళే కిరండూల్ రైలు పొద్దున ఏడు కాకుండానే బయల్దేరుతుంది. అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, 2017లో తగిలించారు. డిసెంబరు ఆదివారం అందులో సీటు మాలాంటి వాళ్ళకు దొరకదు. మామూలు పెట్టెలో, తెరిచిన కిటికీ పక్కన కూర్చున్నాం. అద్దం వెనక కూర్చుంటే ఈ చలిగాలీ, ఈ బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న వాసనా రావు గదా అని మమ్మల్ని మేం ఓదార్చుకున్నాం.

ఈ లైను యాత్రికుల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు ఎగుమతి చెయ్యడానికి 1960లలో వేశారు. ఇప్పటికీ పెద్దపీట గూడ్సుకే. మా రైలు ఎక్కడ ఆగినా పక్కనుంచి ఎర్రదుమ్ము కప్పుకున్న వ్యాగన్లు తాపీగా వెళ్తూనే ఉన్నాయి.

కొత్తవలసలో ఒక పెద్దాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నారు. తెల్ల పంచె, చేతిసంచీ, మెడకు మఫ్లరు. విజయనగరం వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారట. ఒడిశా జయపురంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నారు. సంచిలోంచి అరటిపళ్ళు తీసి ముందు మా ఇద్దరికీ ఇచ్చి, తర్వాతే తాను ఒలుచుకున్నారు.

శృంగవరపుకోట దాటాక చెల్లి కునుకు తీసింది. ఇదే సందని లాప్‌టాప్ తీశాను. రాత్రి పడుకునే ముందు ఫోన్లో చూస్తే ఇంకో మూడు రసీదుల ఫొటోలు వచ్చి ఉన్నాయి. చిన్న మార్పు, 20ని 40 చేస్తే సరి. సోమవారం దాకా ఎందుకు? మార్చాను. బొడ్డవరలో సిగ్నల్ రెండు గీతలుంది. పంపుతుంటే రైలు కదిలింది, ఘాట్ మొదలైంది, మొదటి సొరంగం మింగేసింది. పెట్టెలో పిల్లలంతా ఒక్కసారి కేకలు. చీకట్లో నా ముఖం మీద స్క్రీను వెలుగొక్కటే.

ఆ కేకలకు చెల్లి లేచింది. నన్ను చూసింది. ఏమీ అనలేదు. అనకపోతేనే భయం.

సొరంగం బయటికొస్తే లోయ. లోయ అంచున పచ్చని పొలాలు మెట్లు మెట్లుగా. ఫోన్లో ఒక గీత వస్తుంది, నలభై శాతం వెళ్తుంది, మళ్ళీ సొరంగం, మళ్ళీ మొదటి నుంచి. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి స్టేషన్లు ఇలాగే గడిచాయి. తొమ్మిదో సొరంగమో పదో సొరంగమో, లెక్క తప్పింది. లోయను సగం కంటితో చూశాను. ఇప్పటికీ ఆ గంట తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

"ఏం చదువుతున్నావమ్మా అంత దీక్షగా?" అన్నారు మాస్టారు.

"చదవడం కాదు మాస్టారూ, ఉద్యోగం." కాసేపు ఆగి అడిగాను. "మాస్టారూ, లక్ష్మికి ఎన్ని అక్షరాలు?"

ఆయన ఆలోచించలేదు, రెండు వేళ్ళు చూపించారు. "రెండు. మొదటిది గురువు, రెండోది లఘువు. ల లఘువే గానీ వెనక సంయుక్తం ఉంది కనుక గురువైంది."

"మా కంప్యూటరు ఏడంటోంది."

"ఏడా? దానికి చదువు చెప్పిందెవరమ్మా?"

చెల్లి పగలబడి నవ్వింది. "మా అక్కే, తాతగారూ!"

రసీదు కథంతా చెప్పాను. ఫొటో చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి 'వరలక్ష్' అని ఒకసారి చదివి, ఏదో చెడ్డమాట నోట్లోంచి వచ్చినట్టు ముఖం పెట్టారు. "ఎన్ని అక్షరాలకు కొలత పెట్టావు?"

"ఇరవై."

"ఉత్పలమాల పాదం! ఇరవై అక్షరాల్లో నన్నయగారు బోలెడు కథ నడిపించారు. మీకు ఒక ఆడమనిషి పేరు పట్టలేదా?"

అప్పుడు ఆయన ఆ పేరును అక్షరం అక్షరం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. శ్రీ ఒకటి, మ, తి, స, త్య... బొటనవేలు వేళ్ళ కణుపుల మీద గబగబా నడిచింది. మొత్తం తొమ్మిది. ఖాళీలు కలిపినా పదకొండే. నా లెక్క ప్రకారం 22. సగానికి సగం. అంటే నేను 20ని 40 చెయ్యడం వైద్యం కాదు, వాయిదా. ఇంకొంచెం పొడుగు పేరు వస్తే కత్తెర మళ్ళీ ఒత్తు మీదే పడుతుంది. పంపుతున్నదాన్ని ఆపేశాను. ఎలాగూ వెళ్ళడం లేదనుకోండి.

ఐతే మాస్టారి లెక్కను ఉన్నదున్నట్టు తీసుకోవడానికీ లేదని రెండు నిమిషాల్లో తేలింది. "రమేష్‌కి ఎన్ని?" అని అడిగాను. రెండే అన్నారు. చివరి ష్ పొల్లు, దానికి విడిగా లెక్క లేదు, 'మే'తో కలిసిపోతుంది. నిజమే, పలికితే కలిసిపోతుంది. కాగితం మీద మాత్రం ష్ తన చోటు తాను తీసుకుంటుంది. ఆ మాటే అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కాసేపు ఊరుకుని, "నేను చెప్పింది చెవి లెక్కమ్మా. నీకు కావాల్సింది కంటి లెక్క" అన్నారు.

శిమిలిగుడ వచ్చింది. సముద్రమట్టానికి 996 మీటర్లు. పసుపు బోర్డు దగ్గర ఫొటోలకు జనం తోసుకుంటున్నారు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద ఇంతకన్నా ఎత్తున స్టేషన్ లేదని మాస్టారు చెప్పారు. ఇక్కణ్ణుంచి అరకుకు రైలు కొంచెం దిగాలి. పట్టాలకు రెండువైపులా వలిసె పూలు, ఎవరో పసుపు ఆరబోసినట్టు. ఈసారి లాప్‌టాప్ సంచిలో ఉంది.

అరకులో దిగుతుంటే మాస్టారు కిటికీలోంచి, "దానికి చదువు నేర్పించమ్మా!" అని కేకేశారు.

రాత్రి బొంగులో చికెన్. మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురుబొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద వాల్చారు. నూనె చుక్క లేదు. కాసేపటికి వెదురులోని తడి బయటికి పొంగి బుస్సుమంటుంది, ఆకుల సందుల్లోంచి ఆవిరి వస్తుంది, బొంగు పైన ఆకుపచ్చ పోయి నల్లబడుతుంది. వండుతున్నాయన గడియారం చూడలేదు. బొంగును కర్రతో తిప్పుతూ ఆ చప్పుడే విన్నాడు. బుస తగ్గాక తీసి ఆకులో దులిపాడు. దగ్గర్లో నిప్పు కాగుతున్న ఆడవాళ్ళు ఆదివాసీ ఒడియాలో ఏదో మాట్లాడుకుని నవ్వుతున్నారు. మా గురించే అనుకుంటా. తినే తీరు అలా ఉంది మరి.

సోమవారం

హోమ్‌స్టే వరండాలో టేబులు, పొగలు కక్కే కాఫీ, ఎదురుగా పొగమంచు. ఇలాంటి ఫొటో పెట్టి 'ఈ రోజు నా ఆఫీసు' అని రాసుకునేవాళ్ళంటే నాకు చిరాకు. ఫొటో తీశాను, ఎక్కడా పెట్టలేదు.

కంటి లెక్కకు కంప్యూటర్లో పేరుంది, గ్రాఫీమ్ క్లస్టర్. చూసేవాళ్ళు ఒకే అక్షరం అనుకునే ముక్కల గుంపు. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సెగ్మెంటర్ అనే సాధనం ఈ గుంపులను విడదీసి ఇస్తుంది. ఇరవై లైన్ల పని. 'శ్రీమతి సత్య వరలక్ష్మి' ఇస్తే పదకొండు అంది. మాస్టారి లెక్కే! రమేష్ మూడు: ర, మే, ష్. ఇదీ నాకు కావాల్సిందే. టెస్టులన్నీ పచ్చగా వచ్చాయి, అంటే పాసయ్యాయి. పంపాను, కాఫీ తాగాను, చెల్లి కోసం బూట్లు వేసుకున్నాను.

సర్వర్ మీద అవే టెస్టులు ఎర్రగా వచ్చాయి. 11 రావాల్సిన చోట 15.

మా వృత్తిలో అందరం ఎప్పుడో ఒకప్పుడు అనే మాట ఒకటుంది, 'నా మెషీన్‌లో పనిచేస్తోంది'. అది అనకూడదని పళ్ళు బిగపట్టి వెతికాను. గంట పట్టింది. సర్వర్ మీదున్నది ఆ సెగ్మెంటర్ పాత వెర్షన్. అన్ని లిపులకూ కంప్యూటర్లు పాటించే ప్రమాణం యూనికోడ్. 2023లో దాని 15.1 వెర్షన్ వచ్చేదాకా, పొల్లు రాగానే అక్కడ అక్షరం అయిపోయిందని లెక్క. పాత పద్ధతిలో లక్ష్మి అంటే ల, క్, ష్, మి. నాలుగు. 15.1లో తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ లిపులకు కొత్త నియమం చేర్చారు: పొల్లు తర్వాత హల్లు వస్తే అక్కడ విడగొట్టకు. ఎప్పటి భాష, ఎప్పటి ఒత్తులు! కంప్యూటరుకు అవి పద్ధతిగా అంటింది మొన్న మొన్న.

సర్వర్ వెర్షన్ మార్చాలంటే ముగ్గురు ఒప్పుకోవాలి, అందులో ఒకాయన సెలవులో ఉన్నాడు. అందుకని నియమాన్ని నేనే చేత్తో రాశాను. ఒక గుంపు పొల్లుతో ముగిసి తర్వాతిది హల్లుతో మొదలైతే రెంటినీ అతికించు. ఎనిమిది లైన్లు. అప్పుడు రాజ్‌కుమార్ గుర్తొచ్చాడు. అక్కడ జ్ తర్వాత కు ఉంది, కానీ కలపకూడదు. ఐతే అలా విడిగా కనిపించాలని టైపు చేసేవాళ్ళు మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతారు, జీరో విడ్త్ నాన్ జాయినర్. దాంతో ఆ గుంపు పొల్లుతో ముగియదు, నా ఎనిమిది లైన్లూ దాన్ని ముట్టుకోవు. అనుకోకుండా కలిసొచ్చింది, తెలివి కాదు.

ఈ కనపడని గుర్తుతో పెట్టుకుంటే ఎంత ప్రమాదమో 2018 ఫిబ్రవరిలో చూశాం. మన 'జ్ఞా' మధ్యలో అది వచ్చి పడితే ఐఫోన్లలో మెసేజీల యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఆ వారమంతా మా ఆఫీసులో తెలుగువాళ్ళం గర్వపడాలో సిగ్గుపడాలో తెలీక తిరిగాం.

మధ్యాహ్నం ఒంటి గంటకు సర్వర్ కూడా పచ్చబడింది. లీడ్ కోడు చూసి ఒక్కటే వ్యాఖ్య పెట్టాడు: "అక్షరాలు సరే. ఘ, ర ఒకే వెడల్పా?"

ఒళ్ళు మండింది గానీ, అడిగింది సబబే. చిట్టీ వాళ్ళ దగ్గరున్నది 58 మిల్లీమీటర్ల కాగితం వాడే చిన్న థర్మల్ ప్రింటరు. అడ్డంగా 384 చుక్కలు, అంతే. తెలుగును అది అక్షరాలుగా కాదు, బొమ్మగా అచ్చు వేస్తుంది. అసలు కొలవాల్సింది చుక్కలను. అక్షరాల లెక్క కావాల్సింది ఎక్కడ తెంచాలో తెలియడానికే. ఇరవై అన్న అంకె మొదటి నుంచీ అనవసరం. తీసేశాను. వెడల్పు కొలిచి, పట్టకపోతే అక్షరం అంచున తెంచి రెండో వరుసకు దించాను.

చెల్లి గుమ్మంలో నిలబడింది, బూట్లతో. పొద్దుటి నుంచీ అలాగే ఉందట.

సాయంత్రం కాఫీ తోటకు వెళ్ళాం. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, నీడన కాఫీ మొక్కలు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇది కోతల కాలం. ఒకమ్మాయి నడుముకు బుట్ట కట్టుకుని కోస్తోంది. ఒకే రెమ్మకు ఎర్రవీ, పచ్చవీ, నారింజరంగువీ పక్కపక్కనే ఒత్తుగా ఉంటాయి. ఆమె వేళ్ళు ఎర్రపండును కొంచెం తిప్పి లాగుతాయి, పక్క కాయ కదలదు. నేను ప్రయత్నిస్తే పండుతో రెండు పచ్చివి రాలాయి. "అవి మళ్ళీ పదిరోజులకి" అంది, నా చేతిలోంచి తీసుకుని విడిగా కొంగున వేసుకుంటూ. ఎర్రపండు నోట్లో వేసుకుంటే పైతొక్క తియ్యగా ఉంది, లోపల జిగురు, రెండు గింజలు. కాఫీ వాసన అణుమాత్రం లేదు.

మంగళవారం

పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం పొద్దున్నే చుట్టేసి జీపులో బొర్రా గుహలకు దిగాం. సున్నపురాయి గుహలు. గోస్తనీ నది ఈ గుహల గుండా పారుతుంది. మొన్న మేం వచ్చిన రైలు పట్టాలు ఈ గుహ నెత్తి మీదుగానే పోతాయని తెలిసి చెల్లి పైకి చూసి రెండడుగులు పక్కకు జరిగింది.

లోపల కప్పు నుంచి వేలాడే రాళ్ళు, వాటి కింద నేల నుంచి లేచిన రాళ్ళు. ఒకచోట రెంటికీ మధ్య బెత్తెడు దూరం. పైరాయి కొసన నీటిచుక్క ఊరి, బరువెక్కి, జారి, కింద రాయి మీద టప్పున పడింది. ఇంకోటి ఊరడానికి చాలాసేపు పట్టింది. గైడు ఆ రాయి శివుడంటాడు, ఈ రాయి పుట్టగొడుగంటాడు, మరోటి మనిషి మెదడంటాడు. రంగురంగుల లైట్లు మాత్రం పెళ్ళి పందిరిలా ఉన్నాయి, నాకు నచ్చలేదు. చెల్లికి నచ్చాయి.

సిగ్నల్ లేదు. మూడు గంటలు ఫోన్ తియ్యలేదు, తియ్యాలనిపించలేదని అబద్ధం చెప్పను.

బుధవారం

అరకు నుంచి బస్సులో దిగి, సాయంత్రానికి విశాఖ స్టేషన్. ప్లాట్‌ఫాం మీద కూర్చుని ఉంటే చిట్టీ కౌంటర్ నుంచి ఫొటో వచ్చింది. కొత్త రసీదు. పేరు చెక్కుచెదరకుండా ఉంది. క్ష్మి మొత్తం, కింద మ ఒత్తుతో సహా. చెల్లికి చూపించాను. పెద్దది చేసి చూసి, "దీనికా ఐదు రోజులు!" అంది.

"పెద్దావిడ ఏమన్నారు?" అని కౌంటర్ అబ్బాయిని అడిగాను. ఆవిడ రసీదు చూసుకుని, మడిచి పర్సులో పెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయారట. కింద ఇంకో వాక్యం రాశాడు: "మేడమ్, పేరు రెండో వరుసకు దిగినప్పుడు రూపాయి గుర్తు సగమే పడుతోంది. టికెట్ పెట్టమంటారా?"

పెట్టమన్నాను. అరకులో కొన్న కాఫీపొడి సంచి వాసనకు పక్క బెర్తు వాళ్ళు తిరిగి చూస్తున్నారు. చెల్లి అప్పటికే పై బెర్తు ఎక్కి దుప్పటి కప్పుకుంది.